పద్నాలుగో ఛానెల్

2009లో మా ఇంజినీరింగ్ హాస్టల్ మూడో అంతస్తు మొత్తానికీ ఒకే ఒక్క రూటర్ ఉండేది. ఒక సీనియర్‌కి వాళ్ల అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిపెట్టాడు. పదకొండు రూముల వాళ్లం తలా ఇంత వేసుకుని బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నాం. కారిడార్ చివరి రూములకి మాత్రం సిగ్నల్ అందేది కాదు. రూటర్‌తో వచ్చిన ఫర్మ్‌వేర్ తీసేసి డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే పవర్ పెంచుకోవచ్చని ఎవరో చెప్పారు. ఓ రాత్రి ఎక్కించేశాం. సెట్టింగ్స్ పేజీలో పవర్ అని ఒక గడి ఉంది. అందులో 251 మిల్లీవాట్ల దాకా ఎంతైనా రాసుకోవచ్చు. ఇంకేం, 251 రాశాం. ఆ పక్కనే దేశం పేరు. అమెరికా అని ఉంటే పదకొండు ఛానెళ్లే చూపిస్తోంది, జపాన్ అని మారిస్తే పద్నాలుగు కనిపిస్తున్నాయి. పక్క బ్లాకుల రూటర్లన్నీ ఒకటికీ పదకొండుకీ మధ్యనే ఇరుక్కుని ఉన్నాయి కాబట్టి ఖాళీగా పడున్న పద్నాలుగో ఛానెల్ మాదే అనుకున్నాం. సేవ్ కొట్టాం.

నెట్‌వర్క్ మాయమైపోయింది. డబ్బా మీద లైట్లు మామూలుగానే వెలుగుతున్నాయి గానీ ఒక్క లాప్‌టాప్‌లోనూ మా నెట్‌వర్క్ పేరు లేదు. రూటర్ చచ్చిపోయిందనుకున్నాం. సీనియర్‌కి ఈ సంగతి ఎవరు చెప్పాలా అని తెల్లవార్లూ వంతులు వేసుకుంటూ కూర్చున్నాం. పొద్దున్నే ఒకడు కేబుల్ పెట్టి చూస్తే రూటర్ నిక్షేపంగా ఉంది. రాత్రంతా అది పిలుస్తూనే ఉంది. మా లాప్‌టాప్‌లకే ఆ పిలుపు వినబడలేదు, ఎందుకంటే వాటి వైఫై కార్డుల్లోనూ ఎవరో ఒక దేశం పేరు రాసిపెట్టారు. ఆ దేశంలో పద్నాలుగో ఛానెల్ అనేదే లేదు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, మన దేశంలోనూ లేదని. పద్నాలుగో ఛానెల్ మధ్య బిందువు 2484 మెగాహెర్ట్జ్. 2005 జనవరిలో మన ప్రభుత్వం లైసెన్సు అక్కర్లేదని వదిలేసింది 2400 నుంచి 2483.5 దాకానే. అంటే ఆ రాత్రి మేం చేసింది తెలివితక్కువ పని మాత్రమే కాదు, నేరం కూడా.

మా తాతయ్య దగ్గర రేడియో లైసెన్సు పుస్తకం ఒకటి ఉండేది. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి, డబ్బు కట్టి, స్టాంపు వేయించుకుని రావాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం దృష్టిలో ఇంట్లో రేడియో పెట్టె ఉండటమే లైసెన్సు కావలసిన పని, అందులో ఏం విన్నారన్నది తర్వాతి సంగతి. 1980ల మధ్యలో ఆ లైసెన్సులు ఎత్తేశారు. తాతయ్య కాలంలో చట్టం ఒకచోట, పెట్టె ఒకచోట, రెండిటికీ మధ్యలో పోస్టాఫీసు. మా హాస్టల్ రూటర్‌కి ఏ పుస్తకమూ లేదు. చట్టం సరాసరి డబ్బాలోకే వెళ్లి, రెండక్షరాల దేశం కోడ్ రూపంలో కూర్చుని ఉంది. అదెప్పుడు, ఎలా లోపలికి వెళ్లిందన్నదే ఈ వ్యాసం. ఈ కథ ఎక్కువగా అమెరికాలో నడుస్తుంది. ఎందుకంటే అక్కడ రాసిన రూల్స్‌కి తగ్గట్టు తయారైన డబ్బాలే మన ఇళ్లలోకీ వస్తాయి.

ముందు ఒక చిన్న సాంకేతిక విషయం. పాతకాలపు ట్రాన్స్‌మిటర్ ఏ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడాలో దాని లోపలి క్రిస్టల్, తీగ చుట్టలు నిర్ణయించేవి. మార్చాలంటే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాల్సిందే. వైఫై చిప్ అలా కాదు. ప్రపంచమంతటికీ ఒకే చిప్ అమ్ముతారు. అది ఏ దేశంలో ఏ ఛానెల్ మీద ఎంత గట్టిగా మాట్లాడవచ్చో నిర్ణయించేది సాఫ్ట్‌వేర్‌లోని ఒక పట్టిక. చెయ్యగలగడం చిప్ పని, చెయ్యకుండా ఆపడం ఫర్మ్‌వేర్ పని. ఫర్మ్‌వేర్ మార్చగలిగినవాడు ఆ ఆపడాన్ని కూడా మార్చగలడు. గొడవంతా ఇక్కడే మొదలైంది.

*

1985 మే 9న అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, మూడు ఫ్రీక్వెన్సీ బ్యాండ్లను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని రూల్స్ తెచ్చింది. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వాటిలో ఒకటి. నిజానికి అదేమీ విలువైన స్థలం కాదు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సదస్సు నుంచీ పరిశ్రమలకీ, వైద్య పరికరాలకీ వదిలేసిన మూల అది. మైక్రోవేవ్ ఓవెన్లు పనిచేసేది కూడా అక్కడే. ఊరి చివర చెత్తకుప్పల పక్కన ఇళ్ల స్థలాలు పంచినట్టన్నమాట. ఒకే ఒక్క షరతు: సిగ్నల్‌ని ఒక్క ఫ్రీక్వెన్సీ మీద కుమ్మరించకుండా వెడల్పుగా పరిచి పంపాలి. అప్పటిదాకా సైన్యం వాడుతున్న పద్ధతి అది. దాన్ని మామూలు జనానికి వదలాలని లోపలి నుంచి పోరాడింది మైకేల్ మార్కస్ అనే ఎఫ్‌సీసీ ఇంజినీర్. ఆ రోజు అక్కడ వైఫై అన్న మాటే లేదు. తర్వాత ఈ స్థలాన్ని సీరియస్‌గా తీసుకున్న వాళ్లలో ఎన్‌సీఆర్ అనే క్యాష్ రిజిస్టర్ల కంపెనీ ముఖ్యమైనది. షాపుల్లో కౌంటర్లు జరిపినప్పుడల్లా తీగలు మళ్లీ లాగే బాధ తప్పించుకోవాలని దాని కోరిక. ఇవాళ మనం వాడే వైఫై ప్రమాణం 1997లో బయటకొచ్చిందంటే దానికి కారణాల్లో ఆ గల్లాపెట్టెలు ఒకటి.

అదే 1985లో, ఆ రూల్స్ వచ్చి మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 2న డాలస్-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయంలో దిగబోతున్న డెల్టా 191 విమానం రన్‌వేకి ముందే నేలని తాకి పేలిపోయింది. నేల మీద ఉన్న ఒక మనిషితో కలిపి 137 మంది చనిపోయారు. కారణం మైక్రోబరస్ట్. ఉరుముల మబ్బు కింద నుంచి చల్లగాలి స్తంభంలా కిందికి కూలి, నేలని కొట్టి, అన్ని వైపులకీ చిమ్ముకుపోతుంది. దిగుతున్న విమానానికి ముందు ఎదురుగాలి తగిలి కొంచెం పైకి లేస్తుంది. పైలట్ పవర్ తగ్గిస్తాడు. కొన్ని సెకన్లలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది. రెక్కల కింద బలం పోతుంది.

ఈ గాలిని కనిపెట్టింది షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన టెడ్ ఫుజిటా. యుద్ధం ముగిసిన ఏడాది నాగసాకి శిథిలాల్లో తిరిగి, బాంబు దెబ్బకి వస్తువులు ఏ దిక్కుకి ఒరిగాయో చూసి రాసుకున్న యువకుడాయన. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత అమెరికాలో తుఫాను కూల్చిన చెట్లని విమానంలోంచి చూస్తుంటే, అవి ఒక బిందువు నుంచి చుక్కలా నలుదిక్కులకీ పడి ఉండటం ఆయనకి నాగసాకిని గుర్తుచేసింది. 1975లో న్యూయార్క్‌లో ఈస్టర్న్ 66 విమానం కూలినప్పుడు ఆయన ఈ గాలినే కారణంగా చూపించాడు. చాలామంది నమ్మలేదు. డెల్టా 191 తర్వాత నమ్మక తప్పలేదు. ఎయిర్‌పోర్టుల దగ్గర ఈ గాలిని ముందుగా పసిగట్టే ప్రత్యేకమైన డాప్లర్ రాడార్లు కట్టాలని నిర్ణయించారు. 1990లలో అవి ఒక్కొక్కటిగా లేచాయి, మొత్తం 45. వాటికి ఇచ్చిన స్థలం 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్.

ఒకే ఏడాది రెండు వేర్వేరు చోట్ల మొదలైన ఈ రెండు సంగతులకీ అప్పటికి ఏ సంబంధమూ లేదు. కానీ వైఫై పెరిగింది. మైక్రోవేవ్ ఓవెన్ల పక్కన ఇరుకైపోయి, పై అంతస్తు అడిగింది. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు 5 గిగాహెర్ట్జ్ దగ్గర పెద్ద స్థలం చూపించింది. ఆ స్థలంలో అప్పటికే సైన్యం రాడార్లు, వాతావరణ రాడార్లు కాపురముంటున్నాయి. అందుకని ఒక ఒప్పందం కుదిరింది. వైఫై అద్దెకి ఉండొచ్చు, ఇంటివాళ్లు వస్తే లేచిపోవాలి. రూటర్ ఒక ఛానెల్ మీద నోరు తెరిచేముందు 60 సెకన్లు మౌనంగా వినాలి. రాడార్ పల్స్ వినబడితే మాట్లాడకూడదు. మధ్యలో వినబడితే 10 సెకన్లలో ఆ ఛానెల్ ఖాళీ చేసి, 30 నిమిషాల దాకా తిరిగి రాకూడదు. ఈ మర్యాదకి పెట్టిన పేరు డైనమిక్ ఫ్రీక్వెన్సీ సెలెక్షన్, పొట్టిగా డీఎఫ్‌ఎస్. మీ ఇంట్లో రూటర్ ఆన్ చేశాక 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఒక్కోసారి ఒక నిమిషం ఆలస్యంగా ప్రత్యక్షమవుతుందే, అది బద్ధకం కాదు. చెవి ఒగ్గి వింటోంది.

ఈ మర్యాద మొత్తం సాఫ్ట్‌వేర్‌లో రాసినదే.

*

ఆ 2003లోనే ఇంకో సంగతి జరిగింది. లింక్‌సిస్ కంపెనీ 2002 చివర్లో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటర్ అమ్మకానికి పెట్టింది. నీలం, నలుపు రంగుల డబ్బా, వెనక రెండు కొమ్ముల్లాంటి యాంటెన్నాలు. 2003లో లింక్‌సిస్‌ని సిస్కో 50 కోట్ల డాలర్లకి కొనేసింది. ఆ వేసవిలో కొందరు ప్రోగ్రామర్లు డబ్బాని తవ్వి చూస్తే లోపల నడుస్తున్నది లినక్స్ అని తేలింది. లినక్స్‌కి ఉన్న జీపీఎల్ లైసెన్సు ప్రకారం దాన్ని ఉత్పత్తిలో పెట్టి అమ్మినవాడు, అడిగినవాళ్లకి సోర్స్ కోడ్ ఇవ్వాలి. లింక్‌సిస్ ఇవ్వలేదు. అసలు ఆ కోడ్ చిప్ కంపెనీ నుంచి, తయారీ కాంట్రాక్టర్ నుంచి చేతులు మారి వచ్చింది. 50 కోట్లు పోసి కొన్న సిస్కోకి ఈ బాకీ కూడా సరుకుతో పాటు వచ్చిందన్నమాట. ఒత్తిడి పెరిగి అదే ఏడాది కోడ్ బయటపెట్టారు.

2004 మొదట్లో ఆ కోడ్ పునాది మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. కొన్నాళ్లకి డీడీ-డబ్ల్యూఆర్‌టీ. పేర్లలోని ఆ చివరి మూడక్షరాలూ ఆ రూటర్ మోడల్ నుంచి వచ్చినవే. కోడ్ అంతా వచ్చింది గానీ రేడియోని నడిపే డ్రైవర్ మాత్రం రాలేదు. బ్రాడ్‌కామ్ దాన్ని మూసిన ముద్దగానే ఇచ్చింది. అప్పట్లో చిప్ కంపెనీలన్నీ చెప్పే జవాబు ఒకటే, రేడియో కోడ్ బయటపెడితే ఎఫ్‌సీసీ ఊరుకోదని. అథెరోస్ కంపెనీ కూడా చాలా ఏళ్లు అలాగే మధ్యలో మూసిన పొర ఒకటి పెట్టింది. 2008లో అదే కంపెనీ కొత్త చిప్‌లకి పూర్తిగా ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది, పాత పొర కోడ్ కూడా విడుదల చేసింది. ఎఫ్‌సీసీ ఏమీ అనలేదు. నాకనిపించేదేంటంటే, అత్తగారి పేరు చెప్పి తన ఇష్టాలు చెల్లించుకునే కోడలిలా కంపెనీలు ఎఫ్‌సీసీ పేరు చాలాకాలం వాడుకున్నాయి.

ఈ ఫర్మ్‌వేర్‌లు వాడినవాళ్లంతా మా హాస్టల్ బ్యాచ్ లాంటివాళ్లేనా? కొంతమంది నిజంగా మాలాంటివాళ్లే. పవర్ పెంచితే అంతా బాగుపడుతుందన్న నమ్మకం. నిజానికి రూటర్ ఎంత గట్టిగా అరిచినా లాప్‌టాప్ గొంతు పెరగదు, దాని జవాబు ఇవతలికి చేరాలి కదా. 251 పెట్టిన తర్వాత కూడా మా కారిడార్ చివరి రూముకి ఏమీ ఒరగలేదు.

కానీ వేరే రకం వాళ్లూ ఉన్నారు. ఇంట్లో ఒకరు పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తుంటే ఇంకొకరి వీడియో కాల్ ఎందుకు నత్తనడక నడుస్తుందని 2010 ప్రాంతాల్లో జిమ్ గెటిస్ అనే ఇంజినీర్ తవ్వడం మొదలుపెట్టాడు. రూటర్లలో, మోడెమ్‌లలో పెట్టిన అతి పెద్ద బఫర్లు ప్యాకెట్లని పోగేసి క్యూలో నిలబెడుతున్నాయని తేలింది. ఆయనా డేవ్ టాట్ కలిసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నుంచి సెరోడబ్ల్యూఆర్‌టీ అనే ప్రయోగశాల ఫర్మ్‌వేర్ ఒకటి తీశారు. దుకాణంలో కొన్న మామూలు రూటర్ల మీద ఆ క్యూల సమస్యకి మందు పరీక్షించారు. అక్కడ రాటుదేలిన ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతి ఇవాళ ఎన్నో లినక్స్ యంత్రాల్లో నడుస్తోంది. ఏ రూటర్ కంపెనీ ఆ పరిశోధన చేయలేదు. మూతపడని డబ్బాలు దొరకబట్టే అది సాధ్యమైంది. డేవ్ టాట్ 2025 ఏప్రిల్‌లో చనిపోయాడు. మన పేర్లేవీ ఆయనకి తెలియవు గానీ, మన వీడియో కాల్స్ కోసం ఆయన పదిహేనేళ్లు పడ్డ కష్టం తక్కువది కాదు.

*

1985లో విడిగా మొదలైన ఆ రెండు దారులూ ఎదురెదురు పడింది 2009లో, ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో. మా రూటర్ మూగబోయిన ఏడాదే. అక్కడి ఎయిర్‌పోర్టు వాతావరణ రాడార్ తెర మీద, మధ్య నుంచి అంచు దాకా సైకిల్ చక్రం పుల్లల్లాంటి గీతలు కనబడ్డాయి. గీత ఉన్న దిక్కులో వాన ఉందో లేదో, గాలి ఏమవుతోందో తెలియదు. ఆ దిక్కుకి రాడార్ గుడ్డిదన్నమాట. ఇంజినీర్లు వెళ్లి వెతికితే కొండల మీదా ఎత్తైన మేడల మీదా బిగించిన 5 గిగాహెర్ట్జ్ పరికరాలు బయటపడ్డాయి. వైర్‌లెస్ ఇంటర్నెట్ అమ్మే చిన్న కంపెనీలవి. రాడార్ వినబడగానే లేచి వెళ్లాల్సినవి వెళ్లడం లేదు. ఇలాంటివి ఇంకొన్ని ఊళ్లలోనూ దొరికాయి. ఎఫ్‌సీసీ జరిమానాలు వేసింది. 2013లో ఒక కంపెనీకైతే 2 లక్షల 2 వేల డాలర్లు ప్రతిపాదించింది. వాతావరణ రాడార్ల 5600-5650 ముక్కలో పనిచేసే కొత్త పరికరాలకి కొన్నేళ్లు అనుమతే ఆపేసింది.

దీన్ని తేలిగ్గా తీసుకోవడం నా వల్ల కాదు. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి రాసేవాళ్లు చాలామంది ఈ రాడార్ల సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తారు. 137 మంది చచ్చిపోయాక కట్టిన రాడార్ అది. దాని తెర మీద గీత గీసే హక్కు నాకు లేదు, నేను డబ్బు పెట్టి కొన్న డబ్బాకీ లేదు. (మన మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్లు ఎస్-బ్యాండ్‌వి కాబట్టి మన 5 గిగాహెర్ట్జ్ రూటర్లతో వాటికి ఈ పేచీ లేదు. అది మన అదృష్టమే గానీ గొప్పతనం కాదు.)

అయితే దొరికిన దొంగ ఎవరు, వేసిన తాళం ఎవరింటికి అన్నది చూడాలి. గీతలు గీసినవి ముఖ్యంగా మేడల మీది వ్యాపార పరికరాలు, ఇళ్లలో గోడల మధ్య ఉన్న రూటర్లు కావు. 2014లో ఎఫ్‌సీసీ 5 గిగాహెర్ట్జ్ రూల్స్ మార్చి, ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ తారుమారు చేయకుండా తయారీదారులే చూడాలంది. 2015 మార్చిలో, అనుమతి కోసం వచ్చే కంపెనీలు ఏ ప్రశ్నలకి జవాబివ్వాలో చెప్పే కాగితం ఒకటి విడుదల చేసింది. డీడీ-డబ్ల్యూఆర్‌టీ లాంటి బయటి ఫర్మ్‌వేర్ ఎక్కించకుండా మీ పరికరాన్ని ఎలా కాపాడుతున్నారో వివరించండి అన్నది అందులో ఒక ప్రశ్న. పేరు పెట్టి మరీ. సర్కారు కాగితంలో తన పేరు చూసుకోవడం ఏ ఉచిత సాఫ్ట్‌వేర్‌కైనా గౌరవమే అనుకోండి, కానీ ఇలా కాదు.

చదివితే, రేడియోని కాపాడండి అని కాదు, మొత్తం డబ్బాని కాపాడండి అన్నట్టుంది. పైగా చవక రూటర్లో ప్రాసెసర్, రేడియో చాలాసార్లు ఒకే చిప్‌లో ఉంటాయి. రేడియో భాగానికి మాత్రమే విడిగా తాళం వేయాలంటే డిజైన్ మార్చాలి, ఖర్చవుతుంది. కంపెనీ సంతకం లేని ఫర్మ్‌వేర్ ఏదైనా సరే ఎక్కకుండా బూట్‌లోడర్‌కి తాళం వేయడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. ఒక్కో డబ్బా మీద మిగిలే నాలుగు డాలర్లు చూసుకునే కంపెనీ ఏది ఎంచుకుంటుందో చెప్పక్కర్లేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

2015 అక్టోబర్‌లో వింట్ సర్ఫ్, డేవ్ టాట్‌లతో సహా సుమారు 260 మంది నిపుణులు ఎఫ్‌సీసీకి ఉత్తరం రాశారు. నాకు నచ్చిందేమిటంటే అది వదిలేయండి మహాప్రభో అన్న అర్జీ కాదు. ఎదురు ప్రతిపాదన. రూటర్ రేడియో కోడ్ మొత్తం అందరూ చదవగలిగేలా బయటపెట్టమనండి, భద్రతా లోపం బయటపడితే 45 రోజుల్లో సరిచేయమనండి, చేయని కంపెనీ అనుమతి రద్దు చేయండి అన్నారు. రాడార్‌కి అసలు ప్రమాదం ఫర్మ్‌వేర్ మార్చేవాడి కన్నా, అమ్మేసి మర్చిపోయిన ఫర్మ్‌వేర్‌తోనే ఎక్కువని వాళ్ల వాదన. డీఎఫ్‌ఎస్‌లో తప్పుంటే దిద్దేవాడు ఉండాలి కదా. నేను ఉద్యోగంలో చేసేది పాత కోడ్ మరమ్మతే కాబట్టి ఈ వాదన నాకు సులువుగా ఎక్కుతుంది. ఆ మాత్రం పక్షపాతం నాకుందని ఒప్పుకుంటున్నాను.

నవంబర్‌లో ఎఫ్‌సీసీ వెనక్కి తగ్గింది. డీడీ-డబ్ల్యూఆర్‌టీ పేరు తీసేసింది. మేం అడుగుతున్నది రేడియో హద్దులు దాటకుండా చూడమనే గానీ బయటి ఫర్మ్‌వేర్ నిషేధించమని కాదని వివరణ ఇచ్చింది. రూల్ మాత్రం ఉంది, 2016 జూన్ 2 గడువు కూడా ఉంది. ఆ గడువు ముందు లింక్‌సిస్ తన డబ్ల్యూఆర్‌టీ వరస రూటర్లలో రేడియో సంఖ్యల్ని ఫర్మ్‌వేర్ నుంచి విడదీసి వేరేచోట దాచి, మిగతాది తెరిచే ఉంచుతామని చెప్పింది. అంటే చేయాలనుకుంటే చేయొచ్చు. టీపీ-లింక్ ఆ మార్చిలోనే అమెరికాలో అమ్మే రూటర్లకి మొత్తంగా తాళం వేస్తున్నట్టు చెప్పి, ఎఫ్‌సీసీ రూల్స్ వల్లే అంది.

ఆ ఆగస్టులో వచ్చిన మలుపు నేను కథలో రాస్తే ఎడిటర్ కొట్టేస్తాడు. ఎఫ్‌సీసీ టీపీ-లింక్ మీద విచారణ ముగించి 2 లక్షల డాలర్లు కట్టించుకుంది. నేరం ఏమిటంటే, కంపెనీ సొంత ఫర్మ్‌వేర్‌లోనే దేశం మార్చుకునే సెట్టింగ్ పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానెళ్ల మీద అమెరికా ఒప్పుకోని పవర్‌తో నడిచేలా చేయడం. సరిగ్గా మేం హాస్టల్లో చేసిన పనే, కాకపోతే బయటి ఫర్మ్‌వేర్ అవసరమే లేకుండా. ఇంకా వింత, ఆ ఒప్పందంలోనే టీపీ-లింక్ ఓపెన్ సోర్స్ వాళ్లతో, చిప్ కంపెనీలతో కలిసి తన రూటర్లలో బయటి ఫర్మ్‌వేర్ నడిచే మార్గం చూస్తానని మాటిచ్చింది. ఏడాదిన్నర కిందట తాళం ఎలా వేశారని అడిగిన ఆఫీసే ఇప్పుడు తాళం తీసే దారి వెతకమంది.

తీశారా అంటే, కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని లేదు. రూల్ మారినంత సులువుగా ఫ్యాక్టరీ అలవాటు మారదు.

*

ఇప్పుడు మన లాప్‌టాప్‌లోకి వస్తాను. లినక్స్ వాడేవాళ్ల దగ్గర చట్టం ఎక్కడుంటుందంటే, ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో. ప్రపంచ దేశాలన్నీ అందులో రెండక్షరాల చొప్పున వరసగా ఉంటాయి, ఒక్కో దేశానికి కొన్ని వరుసలే. ఈ ఫ్రీక్వెన్సీ నుంచి ఆ ఫ్రీక్వెన్సీ దాకా, ఇంత పవర్, డీఎఫ్‌ఎస్ కావాలి లేదా అక్కర్లేదు. ఏ దేశంలో గెజిట్ మారినా ఎవరో ఒకరు చదివి, ప్యాచ్ పంపితే, ఆ ఫైల్ చూసుకునే మనిషి సరిచూసి చేర్చుకుంటాడు. తయారైన ఫైల్‌కి డిజిటల్ సంతకం ఉంటుంది, సంతకం సరిపోకపోతే కర్నల్ తీసుకోదు. ఏ దేశమో తెలియనప్పుడు వాడే సున్నా-సున్నా అనే ప్రపంచ పౌరసత్వం కూడా ఉంది. అన్ని దేశాల కన్నా పిరికిది అది. చాలా ఛానెళ్ల మీద, ఎవరైనా ముందు మాట్లాడితే తప్ప నోరు తెరవదు. అంతా తెరిచే ఉంది, ఎవరైనా చదవొచ్చు, తాళం ఉండాల్సిన చోట ఉంది. 2008 నుంచి ఇలా నడుస్తోంది. ఎఫ్‌సీసీతో జరిగిన గొడవకి జవాబు అంతకు ఏడేళ్ల ముందే ఇక్కడ పనిచేస్తూ ఉందని నాకనిపిస్తుంది.

మన దేశం వరుసలు ఆ ఫైల్లో పెరుగుతూ రావడం ఒక చిన్న చరిత్ర. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ వదిలారు. 2018 అక్టోబర్‌లో 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ వదిలారు. ఆ ముందు రోజు దాకా ఆ మధ్య ఛానెళ్ల మీద పనిచేసిన ఇంటి రూటర్లన్నీ చట్టం బయటే ఉన్నాయి, మర్నాటి నుంచి లోపలికి వచ్చేశాయి. రూటర్లకీ తెలీదు, వాటి ఓనర్లకీ తెలీదు.

ఆ మధ్య నా ఫ్రెండ్ ఒకడు అమెరికాలో పదేళ్లుండి హైదరాబాద్ వచ్చేశాడు. సామాన్లతో పాటు అక్కడ కొన్న ఖరీదైన రూటర్ కూడా తెచ్చుకుని, కొండాపూర్ ఫ్లాట్‌లో బిగించి నాకు ఫోన్ చేశాడు. "ఏరా, ఇందులో ఇండియా అని పెట్టుకోవడానికి లేదేంట్రా?"

వెళ్లి చూశాను. దేశం అన్న చోట అమెరికా అని బూడిద రంగులో ఉంది. నొక్కితే తెరుచుకోదు. అమెరికాలో అమ్మే డబ్బాలో దేశం మార్చే వీలు కొనుక్కున్నవాడికి ఉండకూడదు కాబట్టి అలా చేశారు, అక్కడికి అది సరైనదే. కానీ ఆ రూటర్‌కి 6 గిగాహెర్ట్జ్ కూడా ఉంది. అమెరికా 2020లో 5925 నుంచి 7125 దాకా 1200 మెగాహెర్ట్జ్ మొత్తం వైఫైకి వదిలేసింది. మన ప్రభుత్వం 2025 మేలో వదులుతామని ముసాయిదా వేసింది అందులో కింది 500 మాత్రమే. ఫ్రెండ్ ఇంట్లో రూటర్ మాత్రం 6 గిగాహెర్ట్జ్ పై భాగంలో ఒక ఛానెల్ ఎంచుకుని హాయిగా మాట్లాడుతోంది. అమెరికా చట్టం తప్పకుండా ఉండటానికి వేసిన తాళమే కొండాపూర్‌లో దాన్ని చట్టం బయట నిలబెట్టింది. సరిచేద్దామంటే చేయి పెట్టే సందు లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి ఐఎన్ అని రెండక్షరాలు కొడితే సరిపోయేది. బూట్‌లోడర్ సంతకం అడుగుతోంది.

6 గిగాహెర్ట్జ్ పూర్తిగా ఆపేయమన్నాను. సరేనని ఆపేశాడు. రెండు నెలల తర్వాత వాళ్లింట్లో భోజనానికి వెళ్లినప్పుడు అనుమానం వచ్చి ఫోన్‌లో చూస్తే, ఆ నెట్‌వర్క్ పేరు మళ్లీ కనబడుతోంది. ముందు వారం ఫర్మ్‌వేర్ దానంతటదే అప్‌డేట్ అయిందట.